నోరులేనివారి నిక్షేపము

ధనమును తాకని సేవయే పవిత్రమైన సేవ యని లోకమున ఒక భావము నాటుకొని యున్నది. రోగికి మందిచ్చువానిని, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టువానిని, అడవిలో మూగజీవిని కాపాడువానిని చూచినప్పుడు చేతులు తమంత తామే జోడింపబడును. ఆ మందునకును, ఆ అన్నమునకును, ఆ కాపుదలకును వలసిన పైకమును రాబట్టి, భద్రపరచి, ఖర్చు పెట్టి, పైసకు పైస లెక్క వ్రాసి యుంచు కోశాధికారిని చూచి ఎవరును చేతులు జోడింపరు. ఆయనను గూర్చి లోకమునకు మొదట తట్టు ప్రశ్న వేరు: ఈయన చేతిలో సొమ్ము క్షేమముగా నున్నదా? ఈ ప్రశ్నలో అవమానమేమియు లేదు. జీతము పుచ్చుకొనక, స్వచ్ఛందముగా, అదియును వన్యప్రాణుల కొరకు ఈ పనికి పూనుకొనిన వాని ధర్మమెట్టిది? దీనిని అండమాను నికోబారు దీవుల నాధారముగా గైకొని విచారింపవచ్చును.

మన విశాఖపట్టణమునకు పండ్రెండు వందల కిలోమీటర్ల దూరమున, సముద్ర మధ్యమున నున్న ఈ దీవులు, తిప్పలు, శిలలు కలిసి 836. మనుష్యులు నివసించునవి ముప్పదియొకటి మాత్రమే. 2011 జనగణనము ప్రకారము అచ్చటి జనులలో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో శ్రీకాకుళపు సముద్రతీరము నుండి వెళ్ళి వలలు వేసికొని బ్రతుకు మత్స్యకార కుటుంబములు పెక్కు. మిగిలిన దీవులు అడవులకును, పక్షులకును, తాబేళ్ళకును విడువబడినవి. ప్రపంచమున తాబేళ్ళన్నిటిలోను పెద్దదైన లెదర్‌బ్యాక్ తాబేలు, అనగా వీపున గట్టి డిప్పకు బదులు తోలువంటి చర్మము గలది, భారతదేశమున నేటికిని గ్రుడ్లు పెట్టవచ్చునది ముఖ్యముగా ఈ దీవులకే.

1976లో మద్రాసు సమీపమున రోములస్ విటేకర్, జాయ్ విటేకర్ దంపతులు మొసళ్ళ సంరక్షణకై మద్రాసు క్రొకడైల్ బ్యాంకు ట్రస్టును స్థాపించిరి. ఆ ట్రస్టే 1990 ప్రాంతమున దక్షిణ అండమానులోని వండూరు గ్రామమున పర్యావరణ బృందమొకదానిని నెలకొల్పినది. 2008 మొదలు లిటిల్ అండమాను తీరమున ఈ తాబేళ్ళ రాకపోకలను లెక్కించు పనిలో ఆ బృందము, దక్షిణ్ ఫౌండేషను, భారతీయ విజ్ఞాన సంస్థ, అటవీ శాఖ కలిసి పాల్గొనుచు వచ్చినవి. 2011, 2014 సంవత్సరముల మధ్య పది తాబేళ్ళకు ఉపగ్రహ సంకేత యంత్రములు అమర్చగా, కొన్ని ఆస్ట్రేలియా వైపునకును, కొన్ని ఆఫ్రికా వైపునకును పోయినట్లు తెలిసెను. వానిలో ఒకటి పదమూడు వేల కిలోమీటర్లకు పైగా ఈదెను.

ఈ వార్త చదివిన వారికి సముద్రము కనబడును, తాబేలు కనబడును. కనబడనిది ఆ శిబిరపు బియ్యపు మూట, పడవకు డీజిలు, చేతిదీపములకు బ్యాటరీలు, వర్షములో తడిసి ముద్దయైన డేరాకు మారుడేరా, 1925లో బర్మా నుండి వచ్చి మధ్య అండమానున స్థిరపడిన కరెన్ జాతివారిలో, సముద్రమును ఎరిగిన మనుష్యులకు ఇయ్యవలసిన నెలజీతము. తాబేలు నవంబరు నెలలో రా నారంభించును. అంతకు ముందే పడవ బయలుదేరవలెను. పడవ బయలుదేరుటకు ముందు ఎచ్చటనో ఒక ఊరిలో, ఒక బల్ల ముందు, ఒకరు చెక్కుపై సంతకము చేసి యుండవలెను. సతీష్ భాస్కర్ అను తాబేళ్ళ పరిశోధకుడు 1982లో లక్షద్వీపములలోని సుహేలి దీవిలో వర్షకాలమంతయు ఒంటరిగా గడపెను. అండమాను నికోబారు తీరములను కాలినడకను పరిశీలించిన తొలివారిలో ఆయన యొకడు. అట్టి ఏకాంతవాసము వెనుక సైతము బియ్యమునకును, పడవకును ఏర్పాటు చేసిన వారెవరో ఉండక తప్పదు. అయినను కోశాధికారిని ఋషితో పోల్చుట అతిశయోక్తి. ఆయన పని చాలవరకు విసుగు పుట్టించునదే.

ఆ పనికి జీతగాడైన గుమాస్తా చాలడా యని అడుగవచ్చును. పద్దులు వ్రాయుటకు చాలును. కాని ఒక ఖర్చును వలదని చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ సంస్థ జీతముపై బ్రతుకువాడు కార్యదర్శి ముఖము చూచును. ఏమియు పుచ్చుకొనని వానికి ఆ జంకు లేదు. స్వచ్ఛంద కోశాధికారి ప్రయోజనము ఇందున్నది. అయితే ఆయనకు పొంచియున్న ఆపదయు ఇందుండియే పుట్టును. "పుణ్యమునకు చేయుచున్నాడు, అట్టివానిని రసీదు అడుగుటయా?" అని తోటివారు మొగమాటపడుదురు. క్రమముగా ఆయనయు అట్లే తలచుట కలవాటు పడును. జీతము తీసికొనకుండుట ఒక విధమైన అధికారమై, ఎవరును ప్రశ్నింపరాని పెద్దరికముగా మారును. ధర్మసంస్థలు పెక్కు చెడిపోవుట దొంగల వలన కాదు. లెక్క అడిగించుకొనుట తమ గౌరవమునకు లోపమని తలచు సజ్జనుల వలన.

గాంధీజీ 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెసును స్థాపించినప్పుడు చందా పుచ్చుకొనిన ప్రతివానికి రసీదు ఇచ్చి తీరవలెనని పట్టుపట్టెను. ఆ యేటి లెక్కపుస్తకములు చెక్కుచెదరకుండ దొరకవచ్చునని పెక్కేండ్ల తరువాత తన ఆత్మకథలో నమ్మకముతో చెప్పుకొనెను. అప్పటి కాయన ఇరువదియైదేండ్లు నిండని న్యాయవాది. తన నిజాయితీ తనకు తెలియును గదా యని ఆయన ఊరకుండలేదు. ఇంకొక వైపు కౌటిల్యుడు రాజధనమును ఉద్యోగులు హరించు మార్గములను నలుబదింటిని లెక్కించి చెప్పెను. మనుష్యుని యందు నమ్మకము గల ఒకడును, లేని ఒకడును ఒకే లెక్కపుస్తకము దగ్గరకు చేరుట గమనింపదగినది. నేటి చట్టములు కౌటిల్యుని పక్షము వహించినవి. విదేశములనుండి వచ్చు విరాళములో కార్యాలయపు ఖర్చు నూటికి ఇరువది మించరాదని 2020లో సవరణ వచ్చెను. ధర్మసంస్థ తన ఆదాయములో నూటికి ఎనుబదియైదు వంతులు ఉద్దేశించిన పనులకు వినియోగింపవలెనని ఆదాయపు పన్ను నియమము. వీనిని చూచి నొచ్చుకొను కోశాధికారి తన పదవిని సరిగా గ్రహింపలేదు.

ఇంతకును ఆ ధనమెవరిది? దాత ఇచ్చివేసెను గావున దాతది కాదు. కార్యవర్గమునది యనుట పొరపాటు. మన ధర్మశాస్త్రములు పరుని చేత నమ్మకముతో నుంచబడిన సొత్తును నిక్షేపమనినవి. మనువు ఎనిమిదవ అధ్యాయమున వ్యవహారములను పదునెనిమిదిగా విభజించి, ఋణము తరువాత రెండవ స్థానము నిక్షేపమున కిచ్చెను. దాచిన సొత్తు తిరిగి యీయనివానిని, దాచకయే దాచితినని అడుగువానిని దొంగలతో సమముగా దండింపుమనెను. ఆ అధ్యాయముననే తండ్రి లేని బాలుని ఆస్తిని వాడు పెద్దవాడగువరకు రాజు కాపాడవలెనని విధించెను. బాలుడైనచో ఒకనాటికి ఎదిగి వచ్చి, నా పొలమేదని అడుగును. ఆ దినము వచ్చునను తలంపే ఆస్తి కాచువానికి కొంత కట్టుబాటు. తాబేలు ఎన్నడును ఎదిగి వచ్చి అడుగదు. నార్కొండం దీవిలో తప్ప భూమిపై మరెచ్చటను లేని కొమ్ముకత్తిరి పక్షి కార్యవర్గ సమావేశమునకు రాదు. సొమ్ము పక్కదారి పట్టినను, పట్టకున్నను వాని అరపులో భేదముండదు. ఫలము సైతము వెంటనే కనబడునది కాదు. నేడు సముద్రము చేరిన పిల్ల గ్రుడ్లు పెట్టుటకు తిరిగివచ్చు నాటికి ఈ కోశాధికారి పదవిలో నుండడు. అడుగువాడు లేని చోట లెక్క చెప్పవలసి యుండుటయే ఈ పనిలోని అసలు కష్టము.

అందుచే అతిజాగ్రత్తయే ధర్మమని భ్రమపడువారును కలరు. ఖర్చనగానే గుండె దడదడలాడును. సొమ్ము బ్యాంకులో పెరుగుచుండగా చూచి సంతోషింతురు. మూడు ధ్రువపత్రములు తెచ్చిన గాని డీజిలు పైకము విడువరు. అంతలో ఋతువు దాటిపోవును. కరెన్ పడవవాని జీతము రెండు నెలలు నిలిచిపోవును. వాని యింట పొయ్యి వెలుగకుండ చేసి కాపాడిన నిలవ ఎవరికి పుణ్యము? పరధనమును అపహరించుట యెట్టి దోషమో, పనికి చేరనీయకుండుట దానికి మిక్కిలి తీసిపోని దోషము.

వీనికంటె కఠినమైన ప్రశ్న 2004 డిసెంబరు 26న ఈ దీవుల ముందు నిలిచెను. ఆ యుదయమున భూమి కంపించి, గ్రేట్ నికోబారు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటు వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగెను. సునామి వేలమందిని పొట్టబెట్టుకొనెను. లెదర్‌బ్యాక్ తాబేళ్ళకు ప్రసిద్ధమైన గలాథియా తీరము అలల పాలయ్యెను; ఆ తాబేళ్ళను అధ్యయనము చేయుచు అచ్చట శిబిరమున నున్నవారిని సైతము సముద్రము తీసికొనిపోయెను. అట్టి దినమున ఒక సంస్థ కోశాధికారి చేతిలో తాబేళ్ళ కొరకని వచ్చిన కొంత సొమ్మున్నదనుకొనుడు. ఎదుట నిలువ నీడలేని మనుష్యులు. ఆ సొమ్ముతో బియ్యము కొనవచ్చునా?

కొనవలెనని హృదయము వెంటనే పలుకును. తెలుగువారికి ఇట్టి సందర్భమున భద్రాచల రామదాసు జ్ఞప్తికి వచ్చును. పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీలుదారైన కంచెర్ల గోపన్న ప్రభువునకు చెల్లింపవలసిన పన్ను సొమ్ముతో రామునికి గుడి కట్టించి, గోల్కొండ కోటలో పండ్రెండేండ్లు చెరయుండెనని ప్రతీతి. కార్యము పవిత్రమైనది గదా, సొమ్ము ఎవరిదైన నేమి యని ఆ కథను అడ్డము పెట్టుకొని వాదించువారున్నారు. వారు కథను సగమే విన్నారు. రామలక్ష్మణులు సేవకుల రూపమున వచ్చి తానాషాకు ఆరు లక్షలును లెక్కగట్టి చెల్లించి, రసీదు పుచ్చుకొనిరని గదా పెద్దలు చెప్పుదురు. దేవుడు తలచినచో ఆ బాకీని ఒక్క మాటతో రద్దు చేయలేడా? జనుల ఊహ అట్లు కల్పింపలేదు. ఎంత గొప్ప గుడికైనను ప్రభువు పైకము ప్రభువునకు చేరవలసినదేనని, చేరినట్లు కాగితము మిగులవలెనని ఆ కథ చెప్పుకొనిన సామాన్యులకు తోచినది.

కావున తాబేళ్ళ పడవ నీటిలో కొట్టుకొనిపోవు మనుష్యుని ఎక్కించుకొనక పోరాదు. ఆ డీజిలు ఎవరిదని ఆ క్షణమున ఆలోచించువాడు మనుష్యుడు కాడు. ప్రాణములు నిలుపుటకు వ్యవధి లేనప్పుడు ఉన్న బియ్యము పంచవచ్చును. చూడవలసినది మరునాటి పద్దు. "సునామి బాధితులకు బియ్యము" అని ఉన్నదున్నట్లు వ్రాసి, కార్యవర్గమునకు తెలిపి, దాతలకు జాబు వ్రాసి, వారు సమ్మతింపనిచో చందాలెత్తి ఆ మొత్తమును తిరిగి నింపుటకు సిద్ధపడిన కోశాధికారి నిక్షేపధర్మమును తప్పలేదు. దానినే "శిబిరపు ఖర్చు" అను పద్దు క్రింద దాచిన వాడు అంత మంచి పనిని సైతము అసత్యముతో చేసినవాడగును. ఒకసారి బియ్యము కొరకు వ్రాసిన అబద్ధపు పద్దు మరియొకసారి మరి దేనికొరకో సులభముగా వచ్చును. గలాథియా ఇసుక మరల పేరుకొని, తాబేళ్ళు మరల అచ్చటికి రాసాగినవి. వాని కొరకు దాతలను మరల యాచింపవలసి వచ్చినప్పుడు, పూర్వపు పుస్తకమే కోశాధికారికి నోరు.

ఇంకొక చిక్కు సొమ్ము వచ్చు దారిని గూర్చినది. గలాథియా అఖాతము 1997లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2021 జనవరిలో ఆ ప్రకటన రద్దయ్యెను. అచ్చట నౌకాశ్రయము, విమానాశ్రయము, నగరము నిర్మించు ప్రణాళికకు 2022లో పర్యావరణానుమతి లభించెను; ఇందుకై నూట ముప్పది చదరపు కిలోమీటర్ల అడవిని మళ్ళింప నిశ్చయించిరి. దేశరక్షణకును వర్తకమునకును ఇది అవసరమని ఒక పక్షము, తీరని నష్టమని మరియొక పక్షము. ఆ వివాదము అటుండనిండు. ఇట్టి పెద్ద నిర్మాణములతో పాటు వన్యప్రాణుల సంరక్షణకని నిధులును కేటాయింపబడుచుండును. చిన్న సంస్థకు అది యేండ్ల తరబడి గ్రాసము. పుచ్చుకొనవలెనా, వలదా?

ఈ నిర్ణయము కోశాధికారి యొక్కనిది కారాదు. జీతములు చెల్లింపవలసిన వాడు గనుక ఆయన మనస్సు సహజముగా పుచ్చుకొనుట వైపు మ్రొగ్గును. కాని ఇతరులకు కనబడనిది ఆయనకు కనబడును: మొత్తము రాబడిలో ఒక్క దాత వంతు ఎంత? అది నూటికి పదియైనచో ఆ దాత తప్పు చేసినప్పుడు తప్పనవచ్చును. నూటికి డెబ్బదియైనచో అనలేరు. అనినచో తలుపులు మూయవలెను. 2002 మే 7వ తేదీన అండమాను అడవులను గూర్చి సుప్రీముకోర్టు ముఖ్యమైన ఉత్తరువు నిచ్చుటకు కారణమైన వ్యాజ్యమును నడపినవి పెద్ద ధనసంస్థలు కావు. ఆ దీవులలోని పర్యావరణ సంఘమొకటి, కల్పవృక్ష్, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము. ఎవరి మొగమును చూడవలసిన పని లేనివారే కోర్టు మెట్లెక్కగలరు. నోరులేని ప్రాణుల పక్షమున మాటాడుటకు పుట్టిన సంస్థకు ఆ మాట పడిపోయిన దినమును డాక్టరు గుర్తింపడు, పత్రికలు గుర్తింపవు. రాబడి పట్టికలోని ఒక అంకెను చూచి కోశాధికారి గుర్తించును. గుర్తించినదానిని సభలో బిగ్గరగా చదువుట ఆయన విధి. ఆ సభ చప్పట్లు కొట్టదు. మరుసటి యేడు ఆయనను ఎన్నుకొనకనే పోవచ్చును.

ఎన్నుకొనని పక్షమున ఆయన చేయవలసినవి కొన్ని మిగులును. వోచరులను తేదీల వరుసను కట్టలు కట్టి, బ్యాంకులో సంతకము మార్పించి, పెట్టె తాళపు చెవిని క్రొత్తవారికి అప్పగించి, నిలవ ఎంతయో ఇరువురును సంతకము చేయవలెను. అది అక్టోబరు నెలాఖరు అయినచో ఆలస్యము పనికిరాదు. లిటిల్ అండమానుకు పోవు ఓడలో బియ్యమునకును, డీజిలునకును ముందుగా పైకము చెల్లింపవలసి యుండును. తాబేళ్ళు రాకముందే శిబిరము వేయవలెను.