దానమా, వాటానా?

1951 మార్చిలో గాంధేయవాది వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ ఆశ్రమం నుంచి బయలుదేరి హైదరాబాదు పక్కనున్న శివరాంపల్లికి నడిచి వచ్చారు. అక్కడ సర్వోదయ సమ్మేళనం. రైలెక్కితే టికెట్టు కొనాలి, ఆయనేమో అప్పటికే డబ్బు వాడటం మానేశారు.

డబ్బు లేకుండా బతికే ఆ ప్రయోగం పేరు కాంచనముక్తి. పౌనార్‌లో సొమ్ము విరాళాలు ఆపేసి, ఎద్దులు కూడా లేకుండా చేతులతోనే సేద్యానికి దిగారు. బావి తామే తవ్వుకున్నారు. సన్యాసులు డబ్బు ముట్టకపోవడం మనకు కొత్త కాదు. కానీ వాళ్లకు భిక్ష పెట్టే ఇంట్లో డబ్బు ఆడుతూనే ఉంటుంది. వినోబా ప్రశ్న ఇంకా లోతైనది: సేద్యం, తిండి, బట్ట, చివరికి ఊరంతా డబ్బు పెత్తనం లేకుండా నడవగలవా?

సమ్మేళనం ముగిశాక ఆయన తెలంగాణ పల్లెల దారి పట్టారు. అక్కడ భూస్వాముల మీద రైతుల సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. ఏప్రిల్ 18న పోచంపల్లి దళితవాడలో జనం భూమి కావాలన్నారు. ఎంత? ఎనభై ఎకరాలు, నలభై తరి (మాగాణి), నలభై కుష్కి (మెట్ట). ఈ లెక్క దగ్గర కాస్త ఆగాలి. వాళ్లు దయ చూపమనలేదు, బతకడానికి ఎంత నేల కావాలో చెప్పారు. ఊళ్లో ఇచ్చేవారెవరైనా ఉన్నారా అని వినోబా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలిస్తానన్నారు. భూదాన ఉద్యమం అలా మొదలైంది.

శంకరాచార్యులు గీతాభాష్యంలో దానానికి చెప్పిన అర్థం సంవిభాగం, అంటే పంచుకోవడం. వినోబా దాన్నే గట్టిగా పట్టుకున్నారు. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిననుకుని వాటా ఇవ్వండి అని భూస్వాములను అడిగేవారు. కానుక పుచ్చుకున్నవాడి మీద తిరిగివ్వాల్సిన రుణం పడుతుందని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లోనే చూపించారు. వాటాకి ఆ భారం లేదు. కొడుకు తన పాలు అడగడానికి తల వంచనక్కర్లేదు.

డబ్బున్నవాళ్ల కోసం 1952లో సంపత్తిదానం వచ్చింది. ఆదాయంలో ఒక వంతు ఇవ్వాలి, కానీ ఆ సొమ్ము వినోబా చేతికి రాదు. దాత దగ్గరే ఉంటుంది. చెప్పిన పనికి ఆయనే ఖర్చుపెట్టి లెక్క చూపాలి. చందాల పెట్టె లేని ఉద్యమం ఎంత అరుదు!

దేశమంతటా నలభై లక్షల ఎకరాలకు పైగా దానం రాసిచ్చారు. అందులో చాలా భాగం రాళ్ల నేల, తగాదాల్లో ఉన్న నేల. ఎంతో భూమి పేదలకు చేరనే లేదు. ఇది ఉద్యమం నడిపినవాళ్ల లోపం మాత్రమే అనుకుంటే సరిపోదు. పేరుకు వాటాయే అయినా, ఎంత ఇవ్వాలో, ఏ చెలక వదులుకోవాలో తేల్చింది ఇచ్చేవాడే. పోచంపల్లిలో మాత్రం ముందు కొలత చెప్పింది అడిగినవాళ్లు.

ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోథ్‌లో 1952లో ఊరివాళ్లు దాదాపు అందరూ తమ పొలాలను ఊరి ఉమ్మడికి ఇచ్చేశారు. దాన్ని గ్రామదానం అన్నారు. అక్కడ ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఒక్కరే.