డైరీలో ‘నేను’ ఎవరు?

పదో తరగతి ఇంగ్లిష్ పరీక్షకు మేము డిస్కోర్సులు నేర్పుతాం. ఉత్తరం, సంభాషణ, డైరీ ఎంట్రీ, బయోగ్రాఫికల్ స్కెచ్, వర్ణన. గుత్తిలో చాలా ఏళ్లుగా ఇదే నా పని. ఫిబ్రవరి దాటితే పిల్లలు గైడు పట్టుకుని ఒక్కో రకానికి ఒక్కో నమూనా బట్టీ కొడతారు. అట్లాంటి రోజుల్లోనే ఒక పిల్ల అడిగింది: “మేడం, పాఠంలో ఉండే మనిషి డైరీని ‘నేను’ అని రాయమంటారు గదా. ఆ నేను నేను కాదు. అబద్ధం రాసినట్టే గదా?”

మార్కుల లెక్క చెప్పి తప్పుకోవడానికి మనసొప్పలేదు. అది సత్యం గురించిన ప్రశ్న.

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి మొదలయ్యేది ఉచ్చారణతో: అక్షరం, స్వరం, మాత్ర. అదే వల్లి చివరికొచ్చేసరికి, చదువు ముగించి ఇంటికి పోయే శిష్యుడికి గురువు మొట్టమొదట చెప్పేది సత్యం పలకమని. భాషాపాఠమూ సత్యమూ ఒకే అధ్యాయంలో ఊరికే చేరలేదని నా నమ్మకం. మధ్యలో ముగ్గురు ఋషుల అభిప్రాయాలున్నాయి. రాథీతరుడు సత్యమే ముఖ్యమన్నాడు, పౌరుశిష్టి తపస్సన్నాడు, నాక మౌద్గల్యుడేమో చదువుకోవడం, చదువు చెప్పడం చాలు, తపస్సంటే అదే అన్నాడు. టీచరుగా నాకు మౌద్గల్యుడి మాట తీపి. కానీ బట్టీ పట్టిన డైరీలు దిద్దేటప్పుడు రాథీతరుడి వైపే నిలబడతాను.

ఆ పిల్లకు శంకరాచార్యుల కథ చెప్పాను. మండనమిశ్రుడితో వాదం జరిగినప్పుడు ఆయన భార్య ఉభయభారతి సంసారం గురించి ప్రశ్నలు వేసింది. సన్న్యాసికి ఆ అనుభవం ఎక్కడిది? గడువు అడిగి, చనిపోయిన అమరుక రాజు దేహంలో ప్రవేశించి తెలుసుకుని వచ్చారంటారు. కథను అక్షరాలా నమ్మినా నమ్మకపోయినా, తెలియనిదాన్ని తెలిసినట్టు పలకకూడదన్న పట్టుదల అందులో ఉంది. ఇంకొకరి ‘నేను’ రాయాలంటే ఆ మనిషి ఒంట్లోకి పోవాలి. ఎప్పటినుంచి ఆకలితో ఉంది, ఎవరిని చూసి భయపడింది అని పాఠమంతా వెతకాలి. అంత వెతికి రాసింది కల్పనే అయినా అబద్ధం కాదు. వెతక్కుండా గైడు వాక్యాన్ని దించేస్తే, సొంత పేరు పెట్టుకుని రాసినా అబద్ధమే.

వానరోజు వ్యాసమే చూడండి. గైడులో వాన అంటే నిండిన వీధులు, గొడుగులు, కాగితం పడవలు. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. పదునైతే శెనక్కాయ విత్తడం, ఊడలు దిగే వేళకు మొగులు మొహం చాటేస్తే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం, ఇదీ మా పిల్లలు కళ్లారా చూసే వాన. వాళ్ల నాయన పొద్దున్నే చేనికి పోయి మన్ను పిడికిట్లో పిసికి చూశాడని ఒకడు ఇంగ్లిష్‌లో రాశాడు. క్రియ భూతకాలంలో లేదు. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, క్రియ ఒక్కటి దిద్ది, మిగతాదంతా అలాగే ఉంచాను.

బయోగ్రాఫికల్ స్కెచ్‌తో ఇంకో చిక్కు. చూడనిదాన్ని ఇతరుల మాట మీద రాయాలి. మన తార్కికులు శబ్దప్రమాణం అన్నది దీన్నే. మా వాళ్లకు థామస్ మన్రోను ఇస్తాను. 1761లో గ్లాస్గోలో పుట్టాడు, 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. మొదట పూడ్చింది మా గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తరలించారు. ఇంతవరకు గడగడా రాసేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు లేస్తారు: మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మన్రోకు కనిపించి మాట్లాడినాడని మా అవ్వ చెప్తాది, రాయొచ్చా మేడం? వద్దంటే ఆ అవ్వ విశ్వాసాన్ని కొట్టిపారేసినట్టు. పుట్టిన తేదీ పక్కన అదే గొంతుతో రాయమంటే చరిత్రకు అన్యాయం. భక్తులు ఇలా నమ్ముతారని రాయమంటాను. అందులో అవ్వకూ చోటుంటుంది, రాసేవాడు తాను ఎక్కడ నిలబడి చెబుతున్నాడో కూడా తెలుస్తుంది. కొందరు పిల్లలు దీనికి ఒప్పుకోరు. ‘నమ్ముతారు’ అంటే స్వామిని తక్కువ చేసినట్టేనంటారు. వాళ్లను నేను ఇంకా ఒప్పించలేదు.