సౌలభ్యమును లాఘవమును

మూఁడేండ్లనుండి మా పాఠశాలలో సంస్కృతముతోపాటు పైథాన్ అను కంప్యూటరు భాషను బోధించు భారముకూడ నామీఁదఁ బడినది. మొన్న నొక బాలిక ఒకే పంక్తి వ్రాసి, చిందఱవందఱగా నున్న సంఖ్యలనన్నిటిని వరుసకుఁ దెచ్చి, “ఇది లోపల నెట్లు జరిగినదండీ?” యని యడిగెను. “అది భాషతోనే వచ్చును” అంటిని. ఆ సమాధానము నాకే రుచింపలేదు.

ఒకరు వ్రాసి పలువురు వాడుకొను సిద్ధసాధనముల కూర్పునకు లైబ్రరీ యని పేరు. దానిఁ గూర్చువాఁడు క్రొత్తవారికిఁ గావలసినదెల్ల నమర్చి యుంచవలెనా? అత్యవసరములను మాత్రముంచి తక్కినది వారి శ్రమకు విడువవలెనా? ఒకరికిచ్చిన సౌఖ్యమునకు మూల్య మెవరు చెల్లింతురను ధర్మవిచార మిందులో నున్నది.

పాణిని యించుమించు 4000 సూత్రములలో భాషనెల్ల నిమిడ్చెను. ఆ గ్రంథమునే మొదట నా చేతికిచ్చి యుండినచో వ్యాకరణమునకు నమస్కరించి పాఱిపోయి యుందును. నన్ను నిలిపినది వరదరాజుని లఘుసిద్ధాంతకౌముది. కావున సౌలభ్యమును సోమరితనమని దూషించు పండితులయెడ నాకు గౌరవము తక్కువ. కాని వరదరాజు పాణినీయమునఁ జేయి పెట్టలేదు. సూత్రములను ఏఱి, బాలురకుఁ దగిన క్రమమున వేఱొక గ్రంథము కూర్చెను.

1991లో వెలువడిన పైథాన్ త్రోవ వేఱు. బ్యాటరీలతోఁగూడ నమ్మెడి బొమ్మవలె సమస్తోపకరణములతో వచ్చుట దానికి ఘనత. ఇంటర్నెట్టు లేని మా గదిలో ఆ యౌదార్యము విలువ నే నెఱుఁగుదును. అయితే లోపలఁ జేర్చిన ప్రతివస్తువును ఎవరో యొకరు కలకాలము కాపాడుచుండవలెను. ఇచ్చినవాఁడు వెడలిపోవును, మరమ్మతు పిదపవారి పాలఁబడును. తుదకు 2024లో 3.13వ కూర్పునుండి టెల్నెట్ మొదలగు 19 భాగములను తీసివైచిరి. వానిని నమ్మి వ్రాసినవారికిఁ బని పెరిగినది.

లాఘవమే మేలందురా? జావాస్క్రిప్టుతో వచ్చు సామగ్రి చిన్నది. అందుచేతఁ జిల్లరపనులకుఁగూడ అన్యులు ఎన్‌పీఎం భాండారమున నుంచిన తునుకలను దెచ్చికొనుట యలవాటయ్యెను. 2016 మార్చిలో, అక్షరముల కెడమప్రక్క ఖాళీలు నింపెడి 11 పంక్తుల తునుకను, పేరు తగవొకటి వచ్చి, దాని కర్త తీసివేయఁగా వేలకొలఁది నిర్మాణములు నిలిచిపోయెను. ఆ పనియే 2017లో భాషలోనికిఁ జేరినది.

నా మట్టుకు, అందఱును అనుదినము చేయు పనులు ఇంటిలోనే యుండవలెను. అరుదైనవి వెలుపల నుండవచ్చును. ఇంటిలోనిది పనిచేయు తీరును చూడఁగోరువారికిఁ దలుపు తెఱచి యుండవలెను. తెఱచినను మా బాలికకు ఫలము లేకపోయెను. వరుసఁబెట్టు నా సాధనము సీ భాషలో నున్నది. అందుచేత మఱునాఁడు పది చీట్లను చేతితో వరుసఁ బెట్టించి, ఆ పద్ధతినే వ్రాయించితిని. పది సంఖ్యలకుఁ జక్కఁగాఁ బనిచేసెను. లక్ష సంఖ్యలియ్యఁగా బడిగంట మ్రోఁగువఱకు ముగియలేదు. ఆమె నవ్వి, భాషలోని సాధనమునే వాడి, అది యే యుపాయముచేత నింత వేగముగాఁ జేయుచున్నదని మరల నడిగెను. ఆ పాఠమింకను జెప్పవలసి యున్నది.