తక్కెడ పట్టడం నేర్చుకుందాం





ఈసారి ధ్యానం గురించి కాదు, సంచి పట్టుకొని బజారుకు పోవడం గురించి మాట్లాడుకుందాం. బజారుకూ ధమ్మానికీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. పంచశీలం పలికేది విహారంలోనే అయినా పాటించాల్సింది బయటే గదా! మన చెమట రూపాయిగా మారేది కూలి దగ్గర. ఆ రూపాయి మళ్లీ బియ్యంగా, బట్టగా, మందుగా మారేది అంగడి దగ్గర. అక్కడ మోసపోతే రూపాయి ఒక్కటే పోదు, దాని వెనకున్న రోజంతా పోయినట్టే.

కోలియుల ఊరైన కక్కరపత్తలో దీఘజాణు అనే గృహస్థు బుద్ధుణ్ణి కలిశాడు. మేము భార్యాబిడ్డలతో కాపురం చేసేవాళ్లం, గంధం పూసుకుంటాం, డబ్బు చేతపట్టే వాళ్లం, మాలాంటి వాళ్లకు పనికొచ్చేది చెప్పండి అన్నాడు. ఇల్లు వదిలి రమ్మని బుద్ధుడు ఆయనకు చెప్పలేదు. నాలుగు సంగతులు చెప్పాడు. నేర్పుగా కష్టపడి సంపాదించు. సంపాదించింది కాపాడుకో. మంచివాళ్లతో స్నేహం చెయ్యి. నాలుగోది సమజీవితం, అంటే రాబడికి తగ్గ బతుకు. దీనికి ఆయన ఇచ్చిన పోలిక తక్కెడ. తూకం వేసేవాడికి ఏ పళ్లెం ఎంత దిగిందో, ఏది ఎంత లేచిందో తెలిసినట్టు గృహస్థుకు తన రాబడీ ఖర్చూ తెలియాలి. అతిగా ఖర్చు పెట్టొద్దు, తినకుండా కూడబెట్టీ చావొద్దు.

తక్కెడకు రెండు పళ్లేలుంటాయి. ఒక దాంట్లో ధర ఉంది. రెండో దాంట్లో సరుకు నాణ్యత ఉంది. మనలో చాలామంది మొదటి పళ్లెం ఒక్కటే చూసి "చవగ్గా వచ్చింది" అని ఇంటికి తెస్తున్నాం. ఒక్క పళ్లెం చూస్తే అది తూకం కాదు.

ఇక్కడ మన చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోవాలి. మనుస్మృతి చండాలుడికి ఏం కేటాయించింది? శవాల మీది బట్టలు, పగిలిన పాత్రలు, ఇనుప నగలు. అంటే నాసిరకం వస్తువు మన వాటాకు రావడం దురదృష్టం వల్ల కాదు, దాన్ని చట్టంగా రాసి పెట్టారు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ గ్రంథాన్ని తగలబెట్టించారు. ఆ సభల్లోనే మన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడి కట్టూబొట్టు గురించి చెప్పారు. బట్ట చిరిగినా ఫర్వాలేదు గానీ శుభ్రంగా ఉండాలన్నారు, కులాన్ని పట్టించే కట్టు వదిలెయ్యమన్నారు. గ్రంథం కాల్చిన సభలోనే చీర గురించి ఎందుకు మాట్లాడారో ఆలోచించండి. ఒంటి మీద ఉండేది కూడా ఆత్మగౌరవమే. కాబట్టి "మనకు ఇదే చాలులే, మన బతుక్కి ఇంతే" అనే మాట ఇక మన నోట రాకూడదు. అది మనుస్మృతి నేర్పిన మాట.

అట్లాగని రెండో అంచుకు పోవద్దు. పెళ్లి షాపింగ్‌కో, పిల్లల బూట్లకో పేరున్న బ్రాండ్ చూసి అప్పు చెయ్యడం ఆత్మగౌరవం కాదు. పక్కింటివాళ్ల కళ్ల కోసం కొనేది తృష్ణ. దాన్ని ఎంత మేపినా కడుపు నిండదు.

ఈ రెండింటి నడుమ దారి ఆనందుడు చూపించాడు. కౌశాంబి రాజు ఉదయనుడి రాణులు ఆనందుడికి ఐదువందల వస్త్రాలు దానమిచ్చారు. రాజుకు కోపం వచ్చింది. ఇన్ని బట్టలు తీసుకొని ఈ భిక్షువు ఏమన్నా బట్టల కొట్టు పెడతాడా అని నేరుగా వచ్చి అడిగాడు. ఆనందుడు నింపాదిగా లెక్క చెప్పాడు. చీవరాలు పాతబడిన భిక్షువులకు ఇవి పంచుతాం. ఆ పాతవి దుప్పట్లవుతాయి. దుప్పట్లు పాతబడితే పరుపు గలేబులు, తర్వాత నేల మీద పరుచుకునేవి, ఆ తర్వాత కాళ్లు తుడుచుకునే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి పేలికలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు నోరు మూసుకున్నాడు, తనూ ఇంకో ఐదువందలు ఇచ్చాడు. బంధువులారా, నాణ్యత అంటే ఇదీ. మొదటి రోజు ఎంత మెరిసింది అని కాదు, ఎన్ని రోజులు ఎన్ని పనులకు వచ్చింది అని చూడాలి.

మరి ప్రజ్ఞతో లెక్క వేద్దాం. నూటయాభై రూపాయల చెప్పులు మూడు నెలలకు తెగుతాయి అనుకోండి. ఏడాదిన్నరకు ఆరు జతలు, తొమ్మిదివందలు. నాలుగువందల యాభై పెట్టిన జత, మధ్యలో కుట్టించుకుంటూ అదే ఏడాదిన్నర నడిచిందనుకోండి. చవకదే రెట్టింపు పడింది.

కానీ చవకైందల్లా నాసిరకం అనుకోవడం కూడా అజ్ఞానమే. జన ఔషధి కేంద్రంలో బీపీ బిళ్లలు, షుగర్ బిళ్లలు పేరున్న కంపెనీ వాటికంటే చాలా తక్కువకు దొరుకుతాయి, లోపలుండే మందు అదే. డాక్టరును మందు అసలు పేరు రాయమని అడగండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ లాభమే అనీ అనుకోవద్దు, కొన్ని సరుకుల్లో చిన్న ప్యాకెట్టే లాభం. ఎమ్మార్పీ పక్కన గ్రాముకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అని ఇప్పుడు అచ్చు వేస్తున్నారు, అది చదవండి. పెద్దలు చెప్పారనో, అందరూ అంటున్నారనో నమ్మకుండా పరీక్షించుకోమని కాలాములకు బుద్ధుడు చెప్పాడు. టీవీ ప్రకటనకూ ఆ మాట వర్తిస్తుంది.

కొన్ని వస్తువుల దగ్గర మాత్రం బేరానికి తావే లేదు. ప్రెషర్ కుక్కర్, హెల్మెట్, కరెంటు వైరు. వీటి మీద ఐఎస్ఐ గుర్తు లేకపోతే ఎంత చవకైనా వదిలెయ్యండి. కుక్కర్ మీద మిగిలే రెండొందలు మీ ఆడబిడ్డ ముఖం కంటే ఎక్కువ కాదు.

"అన్నా, చెప్పడం బాగానే ఉంది, ఒకేసారి నాలుగువందల యాభై ఎక్కడ తెచ్చేది?" అని ఒక అక్క అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పేదవాడు నాసిరకం కొనేది తెలివి లేక కాదు, చేతిలో మొత్తం లేక. అందుకే సిగాలుడికి బుద్ధుడు రాబడిని నాలుగు భాగాలు చెయ్యమన్నాడు. ఒకటి అనుభవించడానికి, రెండు పనికి, నాలుగోది కష్టకాలానికి. నాలుగో వంతు తియ్యలేకపోతే పదో వంతు తియ్యండి, అదీ కాకపోతే రోజుకు పది రూపాయలు. ఒక్కరితో కానిది సంఘంతో అవుతుంది. ఆదివారం వందన అయ్యాక విహారంలో ఐదు కుటుంబాలు కూర్చుని బియ్యం బస్తా, నూనె డబ్బా కలిసి కొనుక్కుంటే చిల్లర ధర తగ్గుతుంది, తూకం మన కళ్ల ముందే ఉంటుంది. సంఘం శరణం గచ్ఛామి అన్నది ఇందుకూ పనికొస్తుంది.

కౌలు రైతులకు ఒక మాట. తొలకరికి ముందు పత్తి గింజలు లూజుగా, బిల్లు లేకుండా, ఊళ్లోకే తెచ్చి అమ్ముతారు. "గడ్డి మందు కొట్టినా చేను చావదు" అని ఆశ చూపిస్తారు. అలాంటి పత్తికి మన దేశంలో అనుమతే లేదు. మొలక రాకపోతే, కాయ పట్టకపోతే ఎవరిని అడుగుతారు? చేతిలో కాగితం లేదు. లైసెన్సున్న దుకాణంలో కొనండి. బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట ఇంటికొచ్చేదాకా దాచండి. గింజ దగ్గర ఆదా చేసిన వంద, చేను మొత్తాన్నీ పురుగుమందు డబ్బా దాకా తీసుకుపోయిన ఇళ్లు మన పేటల్లో ఉన్నాయి.

బిల్లు అడగడం గొడవ కాదు, హక్కు. ఏదన్నా తేడా వస్తే 1915కు ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యాలి. సరుకు ఖరీదు ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బాబాసాహెబ్ చదవమన్నది ఇలాంటి కాగితాలు చదవడానికి కూడా.

ఇంకొక నాణ్యత ఉంది, అది ఏ ప్యాకెట్ మీదా అచ్చు కాదు. ఆ కొట్టువాడు మిమ్మల్ని ఎక్కడ నిలబెడుతున్నాడు? చిల్లర చేతిలో పెడుతున్నాడా, బల్ల మీద విసురుతున్నాడా? మన తాతలు కొట్టు బయట నిలబడి, పైనుంచి పోస్తే పట్టుకున్నారు. కిలోకు రెండు రూపాయలు తక్కువైనా మర్యాద లేని చోట మనకు గిట్టుబాటు కాదు. నాలుగు అడుగులు ఎక్కువ నడవండి.

చివరగా కరుణ. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. అయినా కుట్టు పనివాళ్లను లోపలికి రప్పించారు, చవక బట్టలు గడువుకు అందాలని. ప్రతి చవకా పాపం కాదు. కానీ ఆ తగ్గిన ధర ఎవరో ఒకరు కడుతున్నారు, చాలాసార్లు మనలాంటి వాళ్లే. మాల్‌లో రాసిన ధర మారు మాట్లాడకుండా కట్టి, చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర, ఆకుకూరల అవ్వ దగ్గర ఐదు రూపాయలకు గీచి గీచి బేరమాడటం ధమ్మం కాదు.

మనలో చిన్న కొట్లు పెట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఉన్నారు. దొంగ తూకం, దొంగ కొలత వదిలెయ్యడం బుద్ధుడు చెప్పిన శీలంలో భాగం. మీ కొట్లో తక్కెడ నిటారుగా నిలబడితే ఊరంతటికీ ధమ్మం కనిపిస్తుంది.

ఈ వారం బజారుకు పోయినప్పుడు ఒక్క వస్తువు విషయంలోనైనా ఆగి తూచండి. ధర ఎంత, ఎన్నాళ్లు వస్తుంది, బిల్లు ఇస్తాడా, ఎవరి చెమట దీంట్లో ఉంది. ఇంటికొచ్చాక పిల్లలకు ఆ లెక్క చెప్పండి. అదే వాళ్లకు మొదటి ధమ్మ పాఠం అవుతుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.