దీక్ష పొందినవానికి కులమేల?

వీరశైవ సంప్రదాయమున లింగదీక్షకు ఒక విశేషార్థము కలదు. గురువు శిష్యుని శిరస్సుపై హస్తముంచి, చెవిలో పంచాక్షరిని ఉపదేశించి, కరతలమున ఇష్టలింగమును నిలుపును. ఆ క్షణముతో అతడు భవి కాడు, భక్తుడు. పూర్వజన్మము తొలగి నూతన జన్మము కలిగినదని మన పెద్దలు చెప్పిరి. అందువలననే లింగధారి పూర్వజాతిని విచారించుట అపరాధమని బోధించిరి. అట్లయిన, దీక్ష జరిగిన ఇంటనే, వివాహప్రసంగము వచ్చినంతనే, “వారు జంగములా, లింగబలిజలా, ఏ శాఖవారు?” అను ప్రశ్న ఎట్లు పుట్టుచున్నది? దీక్ష నిజమైనచో ఆ ప్రశ్నకు తావు లేదు. ఆ ప్రశ్నయే నిజమైనచో దీక్ష ఒక వేడుకగా మిగిలినది. ఈ విషయమును మొగమాటము లేక విచారింపవలసియున్నది.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున, కలచురి బిజ్జలుని కొలువులో ఉన్నతోద్యోగియై యుండిన బసవేశ్వరుని ప్రేరణతో శరణులు సమావేశమైరి. అల్లమప్రభువు, అక్కమహాదేవి మున్నగువారితో సమముగా బట్టలుదుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, తోలుపని చేయు డోహర కక్కయ్య అనుభవగోష్ఠిలో పాల్గొనిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఇచ్చట గమనింపదగిన అంశమొకటి కలదు. ఈ శరణులు తమ పేళ్లనుండి వృత్తిని తొలగించుకొనలేదు. దాచవలసినంత నీచత్వము దానియందున్నదని వారు తలపలేదు. కాయకమును కాయకముగా నిలిపి, దానికి లోకము తగిలించిన హెచ్చుతగ్గులను మాత్రమే త్రోసివేసిరి. బ్రాహ్మణకుటుంబమున జన్మించిన బసవేశ్వరుడు తన వచనములలో తనను మాదార చెన్నయ్య, డోహర కక్కయ్యల ఇంటివారితో చేర్చి చెప్పుకొనెను. క్రిందివానిని పైకి రమ్మని పిలుచుట సులభము. పైవాడు తానే దిగివచ్చి బంధుత్వము కలుపుకొనుట కష్టము. బసవేశ్వరుడు ఆ కష్టమైన త్రోవను పట్టెను.

కల్యాణమునకు అసలు పరీక్ష గోష్ఠిలో రాలేదు. శరణులు కూడి పూజించినంతకాలము, కూడి భుజించినంతకాలము, లోకము గొణిగినను సహించెను. చర్మకారుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినప్పుడు మాత్రము సహింపలేకపోయెను. బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులను క్రూరముగా దండించెననియు, ఆ సంక్షోభమున శరణులు చెల్లాచెదరైరనియు సంప్రదాయకథనము. కులమునకు ప్రాణస్థానము ఎచ్చటనున్నదో ఈ వృత్తాంతము తేటపరచుచున్నది. అది పంక్తిలో కొంతయున్నది, పెండ్లిలో పూర్తిగా ఉన్నది.

తెలుగువారికి ఈ సందేశమును అందించినవాడు పాల్కురికి సోమనాథుడు. ఆయన బసవపురాణమున బాలబసవడు ఉపనయనమును నిరాకరించిన ఘట్టము కలదు. మాదార చెన్నయ్య అంబలిని శివుడు ప్రీతితో ఆరగించిన కథయు కలదు. ఈ కథలను సంస్కృతభూయిష్ఠమైన చంపువులో గాక, జనులకు నోటికి వచ్చు ద్విపదలో, జానుతెనుగులో రచించుటయు ఆ సిద్ధాంతమునకు అనుగుణమైన కార్యమే. భక్తి అందరిదైనప్పుడు దానిని చెప్పు భాషయు అందరిదే కావలెను గదా.

ఇట్టి మార్గము తానే ఒక కులముగా ఎట్లు గడ్డకట్టెను? దీనికి పెద్దలు ఒక సమాధానము చెప్పుదురు. అది త్రోసివేయదగినది కాదు. ఇష్టలింగమును ధరించిన కన్య, లింగపూజ లేని ఇంట మెట్టినచో, ఆమె ఆచారము నిలుచుట ఎట్లు? మాంసాహారము గల వంటయింట ఆమె ప్రసాదదీక్ష ఏమగును? కావున లింగవంతులు లింగవంతులతోడనే వియ్యమందిరి. ఈ కారణము న్యాయమైనదే. అయితే ఈ కారణము అడుగుచున్నది ఆచారమును, వంశమును కాదు. అన్యకులమున జన్మించిన యువకుడు శ్రద్ధతో దీక్ష పొంది, నిత్యము లింగార్చన చేయుచు, సదాచారమున నిలిచినచో, అతనికి మన పిల్లనిత్తుమా? ఈయనిచో, మనము కాపాడుచున్నది లింగమును కాదు, రక్తమును మాత్రమే. ఇంకొక మాట. ఉభయులును లింగధారులేయైనను, శాఖాభేదమును బట్టి సంబంధములు తప్పిపోవుచున్నవి. అచ్చట ఆచారము అడ్డమని చెప్పుటకును వీలులేదు. పైరును కాపాడుటకు వేసిన కంచె, కాలక్రమమున పైరు స్థానమునే ఆక్రమించినది.

ఇక ప్రభుత్వపత్రముల విషయము. 1931 తరువాత జనగణనలో అన్ని కులముల లెక్కలు ప్రకటింపబడలేదు. తిరిగి జనగణనలో కులమును చేర్చుటకు 2025 ఏప్రిల్ 30న కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. తెలంగాణమున 2024లో ఇంటింటి కులసర్వే జరిగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2009లో వీరశైవ లింగాయతులు వెనుకబడిన తరగతుల డి వర్గమున చేర్చబడిరి. “ప్రభుత్వమే కులమును వ్రాయుచుండగా మమ్ము మరువుమనుట ఏమి న్యాయము?” అని కొందరు ప్రశ్నింతురు. పత్రమున కులమును వ్రాయుట సిద్ధాంతద్రోహము కాదు. వైద్యుడు రోగమును పేరుపెట్టి వ్రాయును. పేరు వ్రాయనంతమాత్రమున రోగము పోదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినను, తరతరముల నష్టము ఒక్క వాక్యముతో పూడలేదు. ఆ నష్టమును కొలుచుటకు లెక్క అవసరము. కాని వైద్యుని చీటీని ఎవ్వడును వంశగౌరవముగా గోడకు వ్రేలాడదీయడు. కచేరిలో “వెనుకబడినవారము” అని చేయిచాచి, వీధిలో “ఫలానివారికంటె మేము అధికులము” అని మీసము దువ్వుట తగదు. సహాయము పొందినవాడు, తనకంటె వెనుకనున్నవానికి ఋణపడియున్నాడు. దాసోహమను మాటకు ఇదియు ఒక అర్థమే.

దీనికి ఎదురైన పొరపాటు మరియొకటి కలదు. “అందరము శివుని బిడ్డలమే, కులము మాట ఎత్తకుడు” అని విద్యావంతులు పలుకుచుందురు. ఈ మాట వినుటకు ఇంపు. కాని ఎవరి నోట వచ్చుచున్నదో చూడవలెను. పైమెట్టుపై కూర్చున్నవాడు మెట్లు లేవనుట సులభము. క్రింద నిలిచినవాని కాలికి అవి తగులుచునే యుండును. బసవేశ్వరుడు కులము లేదని కన్నులు మూసికొనలేదు. దాని వలన గాయపడినవారిని పేరుపెట్టి పిలిచి, అయ్యా అని గౌరవించి, ప్రక్కన కూర్చుండబెట్టెను. ఆదర్శము మౌనమునకు ముసుగు కారాదు.

2018లో కర్ణాటక ప్రభుత్వము లింగాయతమునకు ప్రత్యేకమత గుర్తింపునకై కేంద్రమునకు సిఫారసు చేసినప్పుడు, మనము హిందూమతమున భాగమా, వేరా, వీరశైవులమా, లింగాయతులమా అను వాదములు చెలరేగినవి. ఆ చర్చ విజ్ఞులు చేయుదురుగాక. ఏ పేరు నిలిచినను, పై ప్రశ్నకు మాత్రము మనమే బదులీయవలెను.

దీనికి గొప్ప సభలు అక్కరలేదు. మన మఠమున పంక్తి ఒక్కటిగా సాగుచున్నదా? దీక్షకోరి వచ్చిన దళితునికి గురువు సంకోచము లేక లింగమునిచ్చుచున్నాడా? ఇచ్చిన పిమ్మట అతని బిడ్డలతో వియ్యమునకు మన గృహద్వారము తెరచియున్నదా? మొదటిదానికి అవునని పలువురు చెప్పగలరు. రెండవదానికి కొందరు చెప్పగలరు. మూడవదానికి చెప్పగలవారు మిక్కిలి అరుదు. హరళయ్య మధువరసులు ఆ మూడవ ప్రశ్నకు ప్రాణములొడ్డి బదులిచ్చిరి. మనలనెవ్వరును ప్రాణములడుగుట లేదు. బంధువుల ముందు రవంత ధైర్యమును మాత్రమే అడుగుచున్నారు. అదియు ఈయలేనివారు బసవజయంతినాడు ఊరేగింపున ముందు నడచుటలో అర్థమేమి? ఆలోచింపుడు.

శరణు శరణార్థి.