తప్పు నీది, మోత మరొకరిది

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే మేస్త్రి కొలత తప్పితే, ఆ తప్పు సాయంత్రంలోగా అతని ముందుకే వచ్చి నిలబడుతుంది. తలుపు చట్రంలో పట్టదు, రేకు అంచు కలవదు. అతడే కోస్తాడు, అతడే మళ్లీ వెల్డింగు పెడతాడు, ఆ పూట కూలీ అతడే పోగొట్టుకుంటాడు. విద్యార్థీ, నీవు నేర్వబూనిన భవన రూపకల్పనలో నీకు ఆ శిక్ష లేదు. ఈ విద్యలోని ప్రమాదమంతా అక్కడే ఉంది. కాగితం మీద నీ తప్పు శుభ్రంగా, చూడముచ్చటగా ఉంటుంది. అది గోడై లేచేసరికి నీవు మరో ఊళ్లో మరో పని మీద ఉంటావు. గాలి ఆడని ఆ గదిలో ఒక బాలింత పడుకుంటుంది. ఎత్తు తప్పిన ఆ మెట్టు మీద ఒక ముసలాయన తూలిపడతాడు. తప్పు నీది, మోత వారిది.

అందుచేత మొదటి ఏడాది స్టూడియోను తేలికగా తీసుకోకు. మన విజయవాడలోనే 2008లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ నెలకొంది. 2014 చట్టంతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థ అయింది. అక్కడైనా, మరే కళాశాలలోనైనా అయిదేళ్ల బి.ఆర్క్ చదువు పెన్సిలుతోనే మొదలవుతుంది. గీతలు గీయమంటారు. అక్షరాలు దిద్దమంటారు. నీ గది నీవే కొలిచి తెమ్మంటారు. అట్టముక్కలు కోసి ఘనాలు పేర్చమంటారు. ఇంటర్లో లెక్కలతో కుస్తీ పట్టి వచ్చిన పిల్లలకు ఇదంతా చిన్నపిల్లల పనిలా తోస్తుంది. ఆ చిన్నచూపు వదులుకో. రేపు ఇతరులు మోయవలసిన తప్పును ఈనాడే నీ కంటికి, నీ చేతికి తెలిసేట్టు చేసే సాధన ఇది.

1919లో జర్మనీలోని వైమార్‌లో ప్రారంభమైన బౌహౌస్ పాఠశాల విద్యార్థికి మొదట ప్రాథమిక శిక్షణ ఇచ్చి, తర్వాత పనిశాలలో ఇద్దరు గురువులకు అప్పగించేది. రూపం నేర్పే కళాకారుడు ఒకరు, పనితనం నేర్పే చేతిపనివాడు ఒకరు. మొదటి గురువు నీకు కళాశాలలో దొరుకుతాడు. రెండో గురువు కోసం బందరు రోడ్డు మీదుగా ఆటోనగర్ గేటు దాటితే చాలు.

వెళ్లినవాడివి ఊరికే చుట్టి చూసి రావద్దు, ఒకచోట నిలబడి చూడు. ఉత్త చాసిస్ మీద చట్రం లేస్తూ ఉంటుంది. మేస్త్రి సుద్దముక్కతో గుర్తు పెడతాడు, మూలమట్టం ఆనిస్తాడు, కొలిచినచోటే మరోసారి టేపు వేస్తాడు. ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ అడ్డంగా మిగిలిన రెండు మూలలకు కొలుస్తాడు. రెండు కొలతలూ సమానమైతేనే చట్రం మూలకు కుదిరినట్టు. అప్పుడైనా వెంటనే నిండా అతకడు. చుక్కలు చుక్కలుగా పట్టించి, మళ్లీ కొలిచి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగు. డ్రైవరు కాలు ఎక్కడ ఆనుతుందో, క్లీనరు దేన్ని పట్టుకొని పైకెక్కుతాడో అతనికి తెలుసు. మనిషి ఒంటి కొలతల గురించి కళాశాలలో నీకు చెప్పబోయే పాఠం ఇదే. యజమాని అనుమతి అడిగి, ఆ షెడ్డులో పనిబల్ల ఒకటి కొలువు. 1:20 స్కేలులో గీసి, నీ గురువు కంటే ముందు ఆ మేస్త్రికే చూపు. ఎక్కడ తప్పిందో అతడు వేలు పెట్టి చూపిస్తే సిగ్గుపడకు, దిద్దుకో.

ఇక నీ గీత సంగతి. 1:100 స్కేలులో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద అయిదు సెంటీమీటర్లు. మొన చెక్కడానికి బద్ధకించిన పెన్సిలు స్నానాల గది తలుపును అంతమేర ఇరుకు చేయగలదు. మెట్ల లెక్క ఇంకా కఠినం. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించరాదని, పాదం మోపే చోటు 250కి తగ్గరాదని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఆ అంకెలు పాటించినంత మాత్రాన నీ బాధ్యత తీరదు. పాదం మొదటి రెండు మూడు మెట్లకే ఎత్తు పట్టేసుకుంటుంది. ఆపైన కన్ను చూడదు, కాలే నడుస్తుంది. చివరి మెట్టు రెండు సెంటీమీటర్లు తేడా వచ్చిందంటే ఆ నమ్మిన కాలు మోసపోయినట్టే. ఫ్లోరింగు మందం లెక్కలో వేసుకోవడం మరచినచోట వచ్చే తేడా ఇది. భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే సెక్షను గీసేటప్పుడు ఆ మందం చూపమని గురువు పట్టుబడితే, చాదస్తమనుకోకు.

ఎండనూ నీటినీ పుస్తకం నుంచి అరువు తెచ్చుకోకు. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16.5 డిగ్రీల మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. చలిదేశాల పుస్తకం చూసి ఉత్తరపు గోడ ఏడాది పొడవునా నీడలోనే ఉంటుందని రాసుకున్నవాడు రోహిణి కార్తెలో ఆ ఇంట్లోవాళ్లను ఎండకు అప్పగిస్తాడు. మేడ మీద నిలువుగా కర్ర నిలబెట్టి, గంట గంటకూ నీడ కొన గుర్తు పెట్టు. పుస్తకం చెప్పనిది అది చెబుతుంది. నీరు కూడా అంతే. 2024 సెప్టెంబరు తొలినాళ్లలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి మునిగాయి. కింది గదుల్లో బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు పోగొట్టుకున్న కుటుంబాలు నీ ఊరివే. సెక్షనులో నేల గీత గీసే ముందు, ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ ఉన్న పెద్దవాళ్లను అడుగు. అరుగు ఎత్తు అందం కోసం నిర్ణయించే హక్కు ఈ డెల్టాలో నీకు లేదు.

ఒక చెడ్డ అలవాటు గురించి కటువుగానే చెప్పాలి. డబ్బిచ్చి మోడల్ చేయించుకోకు. ఫోనులో చూసిన పరదేశపు మేడ రూపాన్ని నీ షీటు మీదకు దించుకోకు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద నీ పేరు నమోదై, ఆర్కిటెక్టునని చెప్పుకునే హక్కు నీకు రేపు వస్తుంది. ఇతరుల చేతిపనితో అక్కడిదాకా నడిచినవాణ్ణి నమ్మి ఏ గుమస్తా తన భవిష్యనిధి సొమ్ము తెచ్చి పోస్తాడో, ఆ మనిషిని ఒక్కసారి తలచుకో. అట్ట కోసేటప్పుడు నీ వేలు తెగవచ్చు, మూల అతకకపోవచ్చు. వంకరగా నిలిచినా ఆ మోడల్ నీదై ఉండాలి.

నీ పనిని పరీక్షించే జ్యూరీ రోజు వస్తుంది. ఈ గదిలో ఎవరు పడుకుంటారు, ఏ కిటికీ నుంచి గాలి వస్తుంది, వాననీరు ఎటు పోతుంది అని అడుగుతారు. తెలియనిచోట మాటల గారడీ చేయకు. తెలియదని చెప్పి, షీటు వెనక్కి తీసుకుని, ఆ రాత్రే కూర్చుని మళ్లీ గీయి.