మంచి కంటిని ముట్టవచ్చునా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తాంబూలం వేసుకునే ఇళ్లలో సున్నం ఉండనే ఉంటుంది. అది పసివాడి కంట్లో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతాయి. పైపొర మళ్లీ సరిగా పెరగక కన్ను తెల్లగా కమ్ముకుపోతుంది.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001లో ఇందుకు మూలకణాల మార్పిడి మొదలైంది. అక్కడి డాక్టర్ విరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ఒక సులువైన పద్ధతిని ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుండి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, తునకలు చేసి, కాన్పులో తల్లులు దానమిచ్చిన మాయపొరపై నాటుతారు.

మూలకణాలను శ్రీసభ వద్దన్నది కదా అంటారు కొందరు. వద్దన్నది పిండాన్ని చంపి తీసే కణాలను. పుట్టిన మనిషి దేహానికి పెద్ద హాని లేకుండా తీసేవి తప్పు కాదని 2008 నాటి ‘దిగ్నితాస్ పెర్సోనే’ పత్రం స్పష్టంగానే చెప్పింది.

అసలు చిక్కు వేరు. మిగిలిన ఒక్క మంచి కంటిపై కత్తి పెట్టడానికి సంతకం తండ్రిది, కన్ను బిడ్డది. ప్రమాదం స్వల్పమే, బొత్తిగా లేదనలేము. ఆ తండ్రి వెనకాడితే విశ్వాసం చాలలేదని నేననను. రెండు కళ్లూ పోయినప్పుడు తల్లిగాని తోబుట్టువుగాని ఇవ్వవచ్చు. అయితే వారిని అడగాలి, బలవంతం చేయరాదు.

సంతకానికి ముందు, మంచి కంటికి ఏమి కావచ్చునో డాక్టరుగారిని అడగండి. ఊహ తెలిసిన బిడ్డయితే వాడికీ చెప్పండి.